బి షిఫ్ట్ అంగీ రంగు కోసం కొల్లూరు దాకా

ఇంద్రేశంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉంది. దాని కోచ్ స్వప్న పోయిన వారం సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చింది. పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీలో ఒకప్పుడు నడిచిన బి షిఫ్ట్ క్లబ్ పేరు తన జట్టుకు పెట్టుకుంటానంది. పెట్టుకొమ్మన్నాను. ఆ పేరు ఇప్పుడు ఎవరికీ పనికి రావడం లేదు.

“మీ అంగీ ఎట్లుండె తాతా? రెట్రో జెర్సీలు కుట్టిస్తున్నం,” అంది.

“రెట్రో అంటే ఏంది?”

“పాతదాని లెక్క కొత్తది.”

తెల్లది అని చెప్పాను. పక్కన కూర్చున్న నా స్నేహితుడు ఖాజా చాయ్ కప్పు కింద పెట్టి, “ఎర్రది,” అన్నాడు.

బి షిఫ్ట్ అంటే మధ్యాహ్నం డ్యూటీకి ఎక్కేవాళ్ళు. పొద్దున ఖాళీ కాబట్టి ఫ్యాక్టరీ వెనక రాళ్ళ జాగాలో బంతి ఆడేవాళ్ళం. క్లబ్ మూడు సీజన్లు బతికింది. మొదటి సీజన్‌లో నేను లెఫ్ట్ బ్యాక్. ఆ ఏడు మేము ఒకే ఒక్క మ్యాచ్ గెలిచాం, అవతలి జట్టు రానందుకు. ఆ సీజన్ చివర నా మోకాలు పోయింది. ఖాజా మూడో సీజన్‌లో వచ్చి సెంటర్ ఫార్వర్డ్ ఆడాడు. ఆ ఏడు కప్పు వచ్చింది. ఆ తర్వాత ఆ జాగాలో గోదాము వచ్చింది. ఖాజా ఆట గురించి అతను చెప్పిందే నాకు తెలుసు, నా ఆట గురించి నేను చెప్పిందే అతనికి తెలుసు. మా స్నేహం నిలవడానికి అదొక కారణం.

ఆదివారం పిల్లల మొదటి మ్యాచ్. గురువారం సాయంత్రం నాలుగు లోపల పటాన్‌చెరు ప్రింటింగ్ షాపులో రంగు చెప్పాలి. చెప్పకపోతే షాపతను తన దగ్గర ఉన్న ఏవో చారల అంగీలు అంటగడతాడట. ఆదివారం మొదటి బంతి తన్నడానికి పాత ఆటగాడు ఒకరు కావాలని కూడా స్వప్న చెప్పింది. ఒకరే.

“ఎవరి రంగు తప్పయితే ఆడు గ్రౌండ్ మొకం చూడొద్దు. మంజూరా?” అన్నాడు ఖాజా.

మంజూరే అన్నాను. అన్నాక భయం వేసింది. ఆ క్లబ్ గురించి నన్ను ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. ఆదివారం ఇంట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

మూడు సీజన్లూ ఆడినవాడు కెప్టెన్ నర్సింలు ఒక్కడే. ఆయన పోయాడు. ఆయన భార్య బాలమణి వదిన కొల్లూరులో సర్కారు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఫోన్ చేస్తే, “అంగీలున్నయ్, రాండ్రి. గాని ఇయ్య,” అంది.

గురువారం పొద్దున ఏడున్నరకు సంగారెడ్డి పాత బస్టాండులో కలుసుకున్నాం. ఖాజా చేతిలో కవరు, అందులో వాళ్ళ సీజన్ ఫోటో. సాక్ష్యం అన్నాడు. తీసి చూశాను. నలుపు తెలుపు ఫోటో. పదకొండు మంది బూడిద రంగు అంగీల్లో నిలబడి ఉన్నారు.

“చూసినవా? ఎర్రగ లేవా?”

“గీ ఫోటోల మిరపకాయ గూడ గిట్లనే కనబడ్తది,” అన్నాను.

పటాన్‌చెరు బస్సు ఎక్కాం. సీటు దొరకలేదు. నాకు అక్షరాలు యాభై దాటాక రాత్రి బడిలో వచ్చాయి, అందుకని బస్సులో రాసి ఉన్నవన్నీ వదలకుండా చదువుతాను. పొగ తాగరాదు, తల బయట పెట్టరాదు, చిల్లర ఇవ్వవలెను. కంది దాటేసరికి అన్నీ అయిపోయాయి. రుద్రారంలో కొందరు దిగాక, ఫ్యాక్టరీకి పోతున్న ఒరిస్సా కుర్రవాడు జరిగి ఖాజాకు చోటు ఇచ్చాడు. ఖాజా ఊరుకోకుండా ఫోటో చూపించాడు.

“ఇస్‌మే ఆప్ కౌన్ హై చాచా?”

ఖాజా మధ్యలో వాడి మీద వేలు పెట్టాడు. కుర్రవాడు ఫోటో చూశాడు, ఖాజాను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. “అచ్ఛా,” అని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ముత్తంగి దాకా ఖాజా ఆ ఫోటోలో తన మొహమే చూసుకుంటూ కూర్చున్నాడు.

ముత్తంగిలో దిగి బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్ళలా ఉంది, కానీ అడిగినంత పోశాడు. అక్కడి నుంచి రింగు రోడ్డు పక్క దారిలో షేరింగ్ ఆటో. లారీలు రెండు వైపులా నిద్రపోతున్నాయి. కొల్లూరు కాలనీలో దిగేసరికి తొమ్మిదిన్నర. బిల్డింగులన్నీ ఒక్క తీరుగా, ఒక్క ఎత్తులో, ఒక్క రంగులో ఉన్నాయి. గోడ మీద నంబరు చదవడం రాకపోతే సొంత ఇల్లు కూడా దొరకదు. చదివాను, దొరికింది. లిఫ్టు పనిచేస్తోంది.

బాలమణి వదిన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిన్నంతసేపూ ఖాజా గది నాలుగు మూలలా చూస్తూనే ఉన్నాడు.

“భాభీ, ఆ అంగీలు తియ్యరాదు జెర. నాలుగింటి లోపల పోవాలె.”

“ఏం దీసుడు? మీరు కూసున్నయే అవి.”

ఇద్దరం లేచాం. మంచం మీద బొంత పరిచి ఉంది. చుట్టూ పాత చీరల ముక్కలు, నడుమ మూడు పెద్ద ముక్కలు. మూడింటి మీదా పళ్ళచక్రం బిళ్ళ ఉంది, మా క్లబ్ గుర్తు. ఒక ముక్క తెలుపు. రెండోది పాత పేపరులా పసుపు. మూడోది కాలిన ఇటుక రంగు. నర్సింలు అంగీలు, సీజన్‌కు ఒకటి.

“చూడు, తెల్లది,” అన్నాను.

“చూడు, ఎర్రది,” అన్నాడు ఖాజా.

“ఏడాదికో రంగు గుడ్డ కొన్నరా వదినా?” అని అడిగాను.

“యాడిది? మూడేండ్లు తెల్లగుడ్డనే తెచ్చిన్రు. మొదటి ఏడు బాయి నీళ్ళల్ల ఉతికిన. బాయి ఎండితె రెండో ఏడు వాగుకు పోయిన. మూడో ఏడు ఫ్యాక్టరీ నీళ్ళు కలిసి వాగే ఎర్రగైంది. ఆ అంగీలకు రంగు మీరెన్నడు ఏసిన్రు? నీళ్ళే ఏసినయ్.”

“మా టీంను ఎర్ర అంగీలోళ్ళు అని ఎంత భయపడుతుండిరి భాభీ!” అన్నాడు ఖాజా.

“వాసనకు భయపడ్డరు. మీ దగ్గరికి ఎవడన్న వస్తుండెనా? గందుకే గోల్స్ పడ్డయ్ నీకు.”

ఖాజా కవరులో ఫోటో సర్దుకున్నాడు. కొంచెంసేపటికి ప్రతి అంగీ నుంచి బెత్తెడు ముక్క కత్తిరించి ఇమ్మన్నాడు, షాపులో రంగు చూపించడానికి.

“ముందుగాల నీ లుంగీ కోసుకొని రా, తర్వాత సూద్దాం,” అని బొంత చుట్టచుట్టి చంకన పెట్టుకుంది. “బొంత యాడికి పోతె నేను గాడికే. పాండ్రి.”

ఆ విధంగా మేము ముగ్గురమయ్యాం. పటాన్‌చెరు బస్సు రెండింటికి గాని లేదట, భోజనాలు కూడా అక్కడే చేసి కాలనీ గేటు ముందు దాన్ని ఎక్కాం. బొంత ఖాజా భుజం మీద. కండక్టరమ్మ ఆపింది.

“గదేంది కాకా?”

“అంగీలు.”

“యాడికి?”

“కుట్టే కాడికి.”

“కుట్టినట్టే ఉన్నయ్ గద?”

ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి వదినకు జీరో టికెట్టు, మాకు డబ్బుల టికెట్టు. బొంతకు ఏది కొట్టాలో కండక్టరమ్మకు తేలలేదు. వదిలేసింది.

షాపు చేరేసరికి మూడు దాటింది. స్వప్న స్కూటీ మీద అప్పటికే వచ్చి ఉంది. బల్ల మీద బొంత పరిచాం. షాపతను ఫోనుతో ఫోటోలు తీసి కంప్యూటర్‌లో ఒక అంగీ తయారు చేశాడు. భుజాల దగ్గర తెలుపు, రాను రాను పసుపు, అంచు దగ్గర ఇటుక రంగు. ఎక్కడ ఏది మొదలయిందో తెలియకుండా కలిపాడు.

“ఇదీ అసలు వింటేజ్ లుక్. మస్తు నడుస్తది,” అన్నాడు.

స్వప్నకు బాగా నచ్చింది. నా రంగు పైన ఉంది కాబట్టి నాకు నచ్చింది. తన రంగు కొట్టొచ్చినట్టు ఉంది కాబట్టి ఖాజాకు నచ్చింది. ఎవరూ ఓడిపోలేదు. ఇక లేద్దామనుకుంటుంటే వదిన తెర దగ్గరికి వంగింది.

“కింద గీ ఎర్రది తీసెయ్యి.”

“ఎందుకమ్మమ్మా? అదే కదా అందం,” అంది స్వప్న.

“గీ రంగు నీళ్ళతోనే మా ఇంటాయన తానం జేసిండు బిడ్డా. రాత్రంత గోకుడే. నెత్తురొచ్చేదాక గోక్కుంటుండె, పొద్దుగాల లేచి బంతికి పోతుండె. అంగి పాడైందని నన్ను ఒక్కనాడు అనలే. గిది అందం గాదు. పిల్లలకెందుకు గిది? తెల్లది కుట్టుండ్రి.”

షాపతను మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు. స్వప్న ఖాజా వైపు చూసింది. ఆ ఎర్రది అతని కప్పు, అతని గోల్స్, అతనికి మిగిలిన ఒకే ఒక్క సీజన్. ఖాజా బొంత మీద ఇటుక రంగు ముక్కను అరచేత్తో ఒకసారి సాపు చేశాడు.

“తెల్లదే ఎయ్యి బేటా,” అన్నాడు. నాతో, “ఇగ ఐతారం నేను రాను. మాట మాటే,” అన్నాడు.

గెలిచినట్టు నాకేమీ అనిపించలేదు. “నువ్వే తన్ను. నా సీజన్‌ల ఎవ్వనికి తన్నొస్తుండె?” అన్నాను.

“నక్కో. నువ్వే పో.”

“నువ్వే.”

“మీ ఇద్దరు ఇంట్ల పండుండ్రి,” అంది వదిన బొంత చుట్టుకుంటూ. “నేను తంత. మూడేండ్లు ఉతికిన, ఒక్కపారి తన్నొద్దా?”

స్వప్న వెంటనే ఒప్పుకుంది. షాపతను తెల్ల రంగు మీద నొక్కాడు. గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

వదినను, బొంతను కొల్లూరు బస్సు ఎక్కించి మేము సంగారెడ్డి బస్సులో కూర్చున్నాం. ఈసారి సీట్లు దొరికాయి. ఈ దారిన వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ముత్తంగిలో దిగితే ఆటోలు దొరుకుతాయి. కాలనీలో బిల్డింగు నంబరు ముందే కనుక్కొని వెళ్ళండి. ఎవరింట్లోనైనా కూర్చునే ముందు దేని మీద కూర్చుంటున్నారో చూసుకోండి. రంగు గురించి మేమిద్దరం చెప్పింది నిజమే. ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో మేము ఒక్కసారి కూడా అడగలేదు. దాన్ని రోజూ ఒంటి మీద వేసుకొని తిరిగినవాళ్ళం.

వాగు వంతెన వస్తుంటే, వాసనకు, అలవాటు ప్రకారం బస్సులో అందరూ కిటికీలు మూశారు. ఖాజా మాత్రం మూయలేదు. ముక్కు బయట పెట్టి, “నా సీజన్,” అన్నాడు. తల బయట పెట్టరాదని గోడ మీద రాసి ఉంది. నేను చదివి వినిపించలేదు.

కంది దగ్గర ఖాజా ఫోను మోగింది. బాలమణి వదిన. ఇల్లు చేరిందట, బొంత మంచం మీద పరిచిందట. బంతి ఏ కాలుతో తన్నాలని అడుగుతోంది.

“కుడికాలు,” అన్నాడు ఖాజా.

“ఎడమకాలు,” అన్నాను నేను.

సంగారెడ్డి బస్టాండులో దిగేదాకా అది తేలలేదు. ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి పోయి చూస్తాం.