పెంచలయ్యకు దక్కకూడని కారు

ఎండుచేపలు ఆరబోసిన మైపాడు వీధిలో ఆ వాసనను సైతం ఓడించి, జనం చేత ముక్కులు మూయించిన మొనగాణ్ణి నేను. ఎలా ఓడించానో చెబుతాను. విన్నాక నన్నెవరూ బేరానికి తోడు తీసుకెళ్ళరు. అది మీకే మంచిది.

మాది నెల్లూరులో స్టీలు సామాన్ల కొట్టు. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చింది. మా నాన్న నేర్పింది ఒక్కటే: "కొనేటప్పుడు సరుక్కి వంక పెట్టు. ఎదుటోడు ఏం చెప్పినా నమ్మబాకు." ఈ చదువుతోనే కొట్టు నడిచింది, పెళ్ళి కూడా అయింది. పెళ్ళితో పాటు పెంచలయ్య వచ్చాడు.

పెంచలయ్య నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. సంగంలో వరి పండిస్తాడు. మైపాడులో అత్తగారింట్లో అతను తుమ్మినా మా మామగారు "ఏం గొంతబ్బా!" అని మురిసిపోతారు. నేను దిగితే "ఆటోకి చిల్లరుందా నాయనా?" అంటారు. నా కడుపుమంట మీద మూకుడు పెడితే వీధి మొత్తానికి వడలు వేయొచ్చు.

అలాంటి పెంచలయ్య ఒకరోజు ఫోన్ చేశాడు.

"అన్నా, నెల్లూర్లో పాత కారొకటి చూసినా. నువ్వొచ్చి బేరమాడితే కొంటా. ఆదివారం మామోళ్ళింటికి కార్లోనే పోవాల."

మామగారి వాకిట్లో పెంచలయ్య కారు! దాని పక్కన నేను ఆటో దిగడం! ఫోన్లో కార్ల వీడియోలు రెండు చూసి, ఆ కారు వాడికి దక్కకుండా చేయడానికే బయల్దేరాను.

అమ్మేది మస్తాన్ భాయ్. తెల్ల కారు, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు మెరిసిపోతోంది. చూడగానే నాకు రెండో జబ్బు పట్టుకుంది: అది నాకు కావాలి.

"స్టార్ట్ చెయ్యి భాయ్," అని వెనక పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఆ ఎండలో నాకు ఏ రంగూ కనపడలేదు. అయినా పెద్దాసుపత్రి డాక్టరులా తల అడ్డంగా ఊపాను.

"పెంచలయ్యా, నీలం పొగ!"

"అంటే ఏందన్నా?"

"నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ తాగుతుండాదని. నీలం పొగైతే ఇంజనాయిలే తాగుతుండాదని. లోపల రింగులు అరిగిపోయినాయి."

కారు కిందికి వంగాను. నేలంతా మరకలే. అక్కడ ఎన్ని కార్లు నిలబడి ఏడ్చిపోయాయో ఎవరికి తెలుసు!

"ఇదో, ఈ నల్లది ఇంజనాయిల్. ఈ పచ్చది రేడియేటర్లోది. ఇది కారు కాదబ్బా, జల్లెడ."

మస్తాన్ భాయ్ ఇంజను ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు. పెంచలయ్య నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడల్లే వచ్చినావన్నా! నాకొద్దీ కారు."

మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే మస్తాన్ భాయ్ ముందు నిలబడ్డాను.

"నేనే కొంటా భాయ్. వంకలుండాయి గదా, తగ్గించు."

మస్తాన్ భాయ్ ఇబ్బందిగా చూశాడు. "వద్దు సార్. నిన్న మీరు చెప్పిందంతా నిజమే. పొగ నీలంగానే వస్తాది. ఆయిలూ కారతాది, నీళ్ళూ కారతాయి. ఇంత తెలిసినోళ్ళకి అబద్ధం చెప్పి అమ్మలేను."

ఇదిగో, నా పెంపకం నన్ను ముంచింది ఇక్కడే. అమ్మేవాడు తన సరుకును తానే తిట్టుకోవడం నేను పుట్టాక చూడలేదు. అంటే ఏమిటి? ఎవడో ఇంకా ఎక్కువకు అడిగాడు! నన్ను సాగనంపడానికి నా అబద్ధాన్నే తిప్పి నాకు అంటగడుతున్నాడు!

"నా దగ్గరా భాయ్ ఈ యాపారం?"

"ఒట్టు సార్!"

"ఒట్టు కూడా వేస్తుండావా? అయితే గట్టి బేరమే తగిలుండాది."

చెప్పడానికి సిగ్గుగా ఉంది. జీవితంలో మొదటిసారి, అడిగినదానికన్నా ఎక్కువిచ్చి కొన్నాను.

ఆదివారం మా ఆవిడతో మైపాడు బయల్దేరాను. ఊరు దాటగానే ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఏమండీ, వెనక రోడ్డు కనపడడం లేదే?"

"మంచు."

"మిట్టమధ్యాన్నం మంచేందండీ?"

మైపాడు వీధిలోకి తిరిగేసరికి నా వెనక నీలం తెర కట్టినట్టుంది. చేపలు తిరగేస్తున్న ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరిచింది. "దోమల మందు బండిని అట్ట తిప్పండయ్యో, చేపలు ఆరేసుండాయి!"

మామగారి వాకిట్లో కారు ఒక దగ్గు దగ్గి ఆగింది. కింద నల్లగా ఒక ధార, పచ్చగా ఒక ధార. అప్పటికే బస్సులో వచ్చిన పెంచలయ్య బయటికొచ్చి వంగి చూశాడు.

"అన్నా, ఇది ఆ కారే గదా?"

నేను గబగబా దిగి చెప్పుకాలితో ఆ ధారల మీదికి ఇసుక తోయబోయాను.

"మామా, ఇట్టా రా! అన్న చెప్పినట్టే నీలం పొగ! ఇదో నల్లది, ఇదో పచ్చది! ఒక్కటి కూడా తప్పు పోలేదు!"

మామగారు నన్ను ఎగాదిగా చూశారు. "రోగాలన్నీ చెప్పినోడు మళ్ళీ దాన్నే కొన్నాడేంది?"

పెంచలయ్య వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "నేనెక్కడ మనసు మార్చుకోని కొంటానో అని, నాకు దక్కకుండా తనే కొనేసినాడు మామా!"

అతను పలికినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నా బాధ.

పెంచలయ్య తర్వాత మంచి కారు కొన్నాడు. కొనేముందు దానికి నా చేతే పరీక్ష చేయించాడు. ఈసారి ఎంత వెతికినా ఒక్క మరక దొరికితే ఒట్టు! కడుపు మండిపోతుండగా "బాగుండాది, తీసుకో," అన్నాను.

అందుకే మా కొట్టు తక్కెడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి సరుకు మీదనైనా అబద్ధం చెప్పాల్సివస్తే, అది నిజం కాదని రూఢి చేసుకున్నాకే చెబుతాను.