గడి గేటూ, మూడు ‘యెస్’లూ

టకానిని అనే నగర శివారు దాటి, మోటర్‌వే రొద వెనకబడ్డాక, ఇంగ్లండు పల్లెనొకదాన్ని వేళ్లతో పెకిలించి తెచ్చి, భూగోళం అడుగునున్న ఈ దీవిలో నాటినట్టుండే ఊరు వస్తుంది. ఓక్ చెట్లు, పచ్చిక బయళ్లు, నడుమ నూరేళ్లు దాటిన దొరల మేడ. బోర్డు మీద ‘మేనర్’ అని ఉంటుంది. వీరేశం దాన్ని గడి అనేవాడు. జగిత్యాల దిక్కున పుట్టినవాడికి అంతటి ఇల్లు కనబడితే ఇంకో మాట నోట రాదు. వాళ్ల తాత ఊరి గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచాడు. మనవడు గమ్‌బూట్లు తొడుక్కుని ఈ గడి పచ్చిక కోస్తున్నాడు. లోకం ముందుకు నడుస్తోందనడానికి ఆ బూట్లు చాలనుకునేవాడు, పాపం.

2007 చలికాలంలో ఒక తెల్లవారుజామున గడి ముసలి గుర్రం, తెరిచి ఉన్న గేటులోంచి రోడ్డెక్కి, లారీ కింద పడి చచ్చిపోయింది. ముందురోజు సాయంత్రం వీరేశం గేటుకు గొలుసు బిగించి, లాగి చూసుకుని మరీ ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. మేనేజరమ్మ మార్గరెట్ ఏడ్చిన కళ్లతో వచ్చి అడిగింది.

“నిన్న నువ్వు గేటు తెరిచి వదిలేయలేదు కదా?”

“యెస్, మేడమ్.”

“యెస్సా?”

“యెస్, యెస్!”

మనకు అడిగిన మాట నిజమైతే అవును. వదల్లేదు కదా? అవును, వదల్లేదు. ఇంగ్లీషుకు అడిగిన తీరుతో పనిలేదు. చేసి ఉంటే యెస్. చేయకుంటే నో. తల అడ్డంగా ఊపితే సరేననుకునే దేశాలున్నాయట, అక్కడ వడ్డన దగ్గర పరదేశి నిలువుగా తలూపి ఆకలితో లేచిపోవచ్చు. వీరేశం లేచిపోవాల్సింది దేశంలోంచే. అతని వర్క్ పర్మిట్ ఈ ఒక్క కొలువుకే ముడిపడి ఉంది. భార్య లక్ష్మి, బిడ్డ ఊరి నుంచి వచ్చి నెల కూడా కాలేదు.

మధ్యాహ్నానికల్లా పనిలోంచి తీసేశామన్నారు. పక్క ఫ్లాట్ గిరిధర్, ఇక్కడే చదువుకుని ఉద్యోగంలో కుదురుకున్నవాడు, సంగతి విని తల పట్టుకున్నాడు.

“నీ నోటితోని నువ్వే ఒప్పుకున్నవు కదనే!”

“నేనేడ ఒప్పుకున్న తమ్మీ? వదల్లేదు కదా అంటే అవునన్న!”

“గట్ల కాదన్నా. చెయ్యకపోతే ‘నో’ అనాలె. తిప్పి అడిగినా, బోర్లించి అడిగినా, నో.”

మేనేజరమ్మను బతిమాలడానికి కారులో బయల్దేరారు. దారి పొడుగునా అదే పాఠం.

“గేటు తెరిచినవా?”

“నో.”

“తెరవలేదా?”

“నో.”

“గాడిదవా?”

“నో… నీ యవ్వ!”

ఇద్దరూ నవ్వారు. ఆ రోజుకు అదొక్కటే నవ్వు.

ఇది సిబ్బంది విషయమని గిరిధర్‌ను బయటే ఆపేశారు. లోపల మార్గరెట్ కొంచెం మెత్తబడే ఉంది. కుర్చీ చూపించింది. “ఆ గుర్రానికి రోజూ క్యారెట్లు పెట్టేవాడివి. నీ మీద నాకు కోపం లేదు. మరి ఇంక నువ్వు చెప్పుకునేదేమీ లేదా?”

గొలుసు బిగించడం, లాగి చూడడం, లక్ష్మి, బిడ్డ, అన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. అయితే ఇది తిరగేసి అడిగిన ప్రశ్నేనని వీరేశం పోల్చుకున్నాడు. ఈసారి పొరబడదలచుకోలేదు.

“నో, మేడమ్,” అన్నాడు, గట్టిగా.

ఆమె నిట్టూర్చి లేచి, తలుపు తీసి పట్టుకుంది.

కారు దగ్గర గిరిధర్ ఆత్రంగా అడిగాడు. “ఏమడిగిందన్నా? ఏమన్నవు?”

వీరేశం రెండూ చెప్పాడు. గిరిధర్ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

“ఏంది తమ్మీ? నేను తప్పు చెప్పలేదు కదా?”

అవుననాలో, కాదనాలో గిరిధర్‌కు తెలియలేదు.