జీపుకి ఏరియల్ బిగించిన అన్నయ్య

పోయిన నెల ఒక గురువారం పొద్దున్న బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. అవతల వదిన. "ఇంక నేడమ్మా మీ అన్నియ్య. టీ తాగి కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు" అంది. గిన్నె పక్కన పెట్టడం కూడా మరిచిపోయి, ఒళ్లో పెట్టుకునే గుమ్మంలో కూలబడ్డాను. కడుగునీళ్లకి చీరంతా తడిసిపోయింది. ఏడుపు వెంటనే రాలేదు. ముందు భయం వేసింది. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్లుగా నా నోట్లోనే ఉండిపోయింది. ఇక చెబుదామన్నా వినడానికి మనిషి లేడు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మాది శృంగవరపుకోట దగ్గర కొండ కింద ఊరు. వరి, రాగులు, అదే మా చోడి, పండించుకునే ఇల్లు. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. వేటకెళ్లే ఇంట పుట్టి, పడవెక్కితే కడుపులో తిప్పుతోందని వల వదిలేసి, పడవల్లో వైర్‌లెస్ సెట్లు బిగించే పని నేర్చుకున్నాడు. "మా పేటలో సముద్రమంటే వాంతులు సేసుకునేవోణ్ని నానొక్కణ్నే సెల్లీ" అని తనమీద తనే నవ్వుకునేవాడు. మా గుమ్మం తొక్కిన మొదటిరోజే నన్ను సెల్లీ అన్నాడు, మా ఆయన్ని బావా అన్నాడు. ఆ వరస అలాగే నిలిచిపోయింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట అది. మా ఆయనకి ఒక పాత జీపు. మీద టార్పాలిన్ టాపు, కింద సగం ఇనుము, సగం అతుకులు. కొండమీది ఊళ్లవాళ్లని సంతకి దింపడం, తిరిగి ఎక్కించడం, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆస్పత్రికి తేవడం దాని పని. ఆ దారిలో సగానికి పైగా సెల్‌ఫోన్ పలకదు. దిగువన గెడ్డ, అంటే కొండవాగు, దాని మీద బండ్లు దాటడానికి కట్టిన పల్లపు చప్టా ఒకటుంది. ఆ గెడ్డ నీళ్లు వేరే కొండమీంచి వస్తాయి. మా ఆయన తిరిగే కొండమీద చినుకు పడకపోయినా చప్టా మునిగిపోతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే పైన దారి చీలే చోటే తిరిగి, చుట్టుదారిన దిగిపోవచ్చు. తెలియకపోతే నీళ్ల దాకా వచ్చి, మళ్లీ అంత కొండా ఎక్కాలి. జీపులో రోగి ఉంటే ఆ ఎక్కడం మాటలు కాదు.

ఎవరో చెబితే అన్నయ్యని పిలిపించాం. ఆయన సీబీ అనే చిన్న వైర్‌లెస్ సెట్లు రెండు తెచ్చాడు. ఒకటి మా ఇంట్లో, ఒకటి జీపులో. మైకు పట్టుకుని బొత్తాం నొక్కితే మన మాట వెళ్తుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. గెడ్డ వైపు నుంచి వచ్చేవాళ్లని అడిగి నేను చెప్పాలి, పైన మా ఆయన వినాలి. మా ఇంటాయన పెళ్లైన ఇన్నేళ్లకి నా మాట వినక తప్పని పరిస్థితి అదొక్కటే వచ్చింది.

సెట్టు పెట్టడం పది నిమిషాల పని. ఏరియల్ బిగించడానికి మాత్రం మర్నాటి దాకా పట్టింది. అన్నయ్య జేబులోంచి ఒక అయస్కాంతం ముక్క తీసి జీపు ఒళ్లంతా తడిమాడు. అది అతుక్కున్నచోట అసలు రేకు ఉన్నట్టు, జారిపోయినచోట లప్పం ఉన్నట్టు. జారిన ప్రతిసారీ మా ఆయన మొహం చిన్నబోయింది. కొన్నప్పుడు బండి మొత్తం ఒరిజినల్ అని చెప్పారు మరి. వెనక బంపరు మీద పెడితే జెండాలా అందంగా ఉంటుందని మా ఆయన పట్టుబట్టాడు. అన్నయ్య ఒప్పుకోలేదు. డ్రైవరు వెనక, బాడీ అంచున మంచి రేకు దొరికిన జానెడు చోటే ఖాయం చేశాడు.

కన్నం వేస్తానంటే మా ఆయన గిలగిల్లాడిపోయాడు. పైగా అది మంగళవారం, మంగళవారం బండికి చిల్లు పెట్టకూడదని మా అత్తగారు చెప్పే మాట పట్టుకుని నేను అడ్డం పడ్డాను. అన్నయ్య వాదించలేదు. డ్రిల్లింగ్ మిషను సంచిలో పెట్టేసి, భోంచేసి, మా అరుగుమీదే పడుకుని, బుధవారం పొద్దున్నే లేచి కన్నం వేశాడు. మా అత్తగారి నమ్మకాలకి అంత మర్యాద ఇచ్చిన మెకానిక్‌ని నేను మరొకణ్ని చూడలేదు.

కన్నం చుట్టూ రంగు మొత్తం గరుకు కాగితంతో గీకేశాడు. తెల్లగా ఇనుము కనబడేదాకా గీకాడు. అంత మంచి రంగు పాడుచేస్తున్నాడేమిటా అని నాకు కడుపు మండింది. అడిగాను కూడా. చెబితే అర్థం కాదులే అనే రకం కాదు ఆయన. పడవలో అయితే కింద ఉప్పునీళ్లే ఏరియల్‌కి నేలగా, అంటే ఎర్తుగా పనికొస్తాయని, జీపుకి దాని ఒంటి ఇనుమే నేల అని, ఏరియల్ పాదం ఆ ఇనుముకి ఆనకపోతే మాట ఇంటి ముందు దాటదని ఓపికగా చెప్పాడు. అన్నీ బిగించాక మీటరు పెట్టి, మమ్మల్నందరినీ పదడుగులు అవతల నిలబెట్టాడు. దగ్గరుంటే లెక్క తప్పుతుందట. ఏరియల్ పుల్ల కొంచెం దించి, కొంచెం పెంచి, మళ్లీ దించి, ముల్లు ఆయన కోరినచోట ఆగాక అప్పుడు అడిగాడు టీ.

మా ఆయన జీపు తీసుకుని కొండెక్కాడు. నేను ఇంట్లో మైకు ముందు కూర్చున్నాను. మొదటి మలుపు, రెండో మలుపు, ఆఖరికి దారి చీలే చోటు నుంచి మా ఆయన గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది. అన్నయ్య నా వెనక నిలబడి కళ్లు మూసుకుని విన్నాడు. సొంతపిల్లకి మొదటి మాటలొచ్చినా అంత మురిసిపోడేమో అనిపించింది.

ఆ సంగతి విని కొండకి తిరిగే జీపుల వాళ్లంతా ఆయన్నే పిలిచారు. రెండేళ్లలో మా స్టాండులో సగం బండ్లకి ఆయన చేతి ఏరియల్లే. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాడు. ఎండుచేపల పొట్లం ఒకటి తెచ్చేవాడు, నేను చోడిపిండి కట్టి పంపేదాన్ని. చేసిన పనికి ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేటున్నాది, రేకు మంచిది" అనేవాడు.

ఇప్పుడు చెప్పకుండా దాటేయాలనిపించే చోటికి వచ్చాను. దాటను.

ఆరేళ్ల కిందట, దసరా ముందు. ఆయుధపూజకి బండి తళతళలాడాలి. మా అత్తగారి పట్టింపు అది, తర్వాత నా పట్టింపు అయింది. ఏరియల్ పాదం చుట్టూ తుప్పు పట్టి ఎర్రగా కనబడుతోంది. గేటుకి వేయగా మిగిలిన సిల్వర్ రంగు ఉంది. మా ఆయన క్షవరానికి వెళ్లాడు. నేను స్పానరు తీసుకుని నట్లు విప్పి, తుప్పు తుడిచి, రేకుకీ పాదం అడుగుకీ రెండు పూతలు రంగు వేశాను. ఆరాక మళ్లీ గట్టిగా బిగించాను. ఎంత నీటుగా వచ్చిందో అని నాలో నేనే సంబరపడ్డాను. అన్నయ్య చెప్పింది గుర్తు లేదా అంటారేమో. పండగ హడావుడిలో గుర్తు రాలేదు. ఇంటి ముందు బొత్తాం నొక్కి చూస్తే మాట బాగానే పలికింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పూజ చేశాం.

పండగైన మూడోరోజు మా ఆయన కొండమీది నుంచి పురిటినొప్పుల మనిషిని దింపుతున్నాడు. మధ్యాహ్నం గొడ్లు తోలుకొచ్చినవాళ్లు చప్టా మునిగిందన్నారు. నేను మైకు పట్టుకున్నాను. పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను. అవతల బరబర తప్ప ఏమీ లేదు. గంటకి పైగా అలా పిలిచి నా గొంతు పోయింది. జీపు తిన్నగా నీళ్ల దాకా దిగింది, మళ్లీ వెనక్కి ఎక్కింది. ఆ కుదుపుల్లోనే, చుట్టుదారి మొదట్లో, జీపు వెనక సీటు మీద ఆమె ప్రసవించింది. బిడ్డ కాసేపు ఏడవలేదట. ఆ కాసేపు ఎంతసేపో మా ఆయన ఈనాటికీ చెప్పడు. తల్లీ బిడ్డా దక్కారు, అది వాళ్ల అదృష్టం, నా అదృష్టం కూడా.

మర్నాడు కబురందుకుని అన్నయ్య మొదటి బస్సుకి వచ్చాడు. స్టాండులో వాళ్లు పదిమంది చుట్టూ మూగారు. ఆయన నట్లు విప్పి, పాదం ఎత్తి, అడుగున చూశాడు. తళతళలాడే సిల్వర్ రంగు. మా గేటు కూడా అదే రంగులో ఎదురుగా ఉంది. ఆయన తలెత్తి గేటు వైపు చూశాడు, తర్వాత టీగ్లాసు పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు.  మా ఆయన కోపం సంగతి ఆయనకి తెలుసు.

పాదం బోర్లించి అరచేతి కింద పెట్టేసి అన్నాడు. "నట్టు వొదులైపోనాది బావా. నాను బిగించిందే. తప్పు నాదే."

మా ఆయన నోటికి హద్దు లేకుండా పోయింది. ఒక ప్రాణం పోయేదిరా నీ చేతి పని వల్ల అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అన్నయ్య తల వంచుకుని, తుప్పు తీస్తున్నట్టు, చేతి చాటున రంగు గీకుతూనే ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఆ తిట్లన్నీ నా మీదికి వస్తాయని, ఊరంతా పురిటి మనిషిని చంపబోయిందని అంటారని భయపడ్డాను. సాయంత్రం బస్సెక్కేముందు ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు. "రంగు పైపైన ఏసుకో సెల్లీ, ఎంత కావాలంటే అంత. కింద మాత్తరం ఇనుముని ఇనుములాగే ఒగ్గేయ్." కసురు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నేను అప్పుడే ఏడ్చి చెప్పేసేదాన్ని.

మా ఆయన ఆ నట్టు కథ స్టాండులో చెప్పాడు, సంతలో చెప్పాడు, చెప్పని చోటు లేదు. ఏడాది తిరక్కుండా కొండ జీపుల పనంతా ఆయన చేతిలోంచి పోయింది. మా ఆయన మాత్రం కోపం చల్లారాక మళ్లీ ఆయన్నే పిలిచాడు, వేరేవాళ్ల పని నచ్చక. అన్నయ్య వచ్చాడు. ఆ తర్వాత ఏటా దసరాకి వారం ముందు తనంతట తనే వచ్చేవాడు. పాదం అడుగున తుప్పు తీసి, గట్టిగా బిగించి, అంచు చుట్టూ గ్రీజు పూసి, నల్లటేపు చుట్టేవాడు. టేపు చుట్టేశాక నా వైపు తిరిగి, "ఇంక నీ ఇట్టం సెల్లీ, పూసుకో" అనేవాడు. నేను రంగు వేసుకునేదాన్ని. అయిదు దసరాలు అలా గడిచాయి. ప్రతి దసరాకీ ఈసారి చెప్పేద్దాం అనుకున్నాను. ప్రతిసారీ చోడిపిండి కట్టిచ్చి పంపేశాను.

పెద్దకర్మకి జీపు మీదే వెళ్లాం. మేమే కాదు, మా స్టాండు జీపులు ఏడెనిమిది వచ్చాయి. పని ఇవ్వడం మానేసినవాళ్లు కూడా వచ్చారు. మనిషి మీద ఇష్టం ఎవరికీ పోలేదు, పని మీద నమ్మకమే పోయింది. ఇల్లు చిన్నది. ఇసకలో బండ్లు వరసగా ఆపుకుని, రెండో పంక్తి కోసం డ్రైవర్లు వాటిల్లోనే కూర్చున్నారు. మేము మొదటి పంక్తిలో కూర్చున్నాం. మా ఆయన పక్కాయనతో అన్నయ్య గురించే చెబుతున్నాడు.  "అంతటి పనోడు మళ్లీ పుట్టడు. ఒక్కపాలే, ఆ నట్టు దగ్గరే ఏమరిపోనాడు."

 ఆ మాట ఆ ఇంట్లో, ఆయన ఫొటో ముందు, ఆయన అన్నం తింటూ వినలేకపోయాను.

"నట్టు కాదు" అన్నాను. "అడుగున రంగు నానేసినాను. దసరాకి. అన్నియ్య సూసి కూడా నా మీద పడనీకుండా తన మీద ఏసుకున్నాడు."

 మా ఆయన నా వైపు చూడలేదు. వదిన పప్పు గిన్నెతో మా ముందే నిలబడి ఉంది. కసురుతుందని, గిన్నె విసిరి కొడుతుందని అనుకున్నాను. అలా చేసినా నాకు న్యాయమే. ఆమె వంగి నా ఆకులో పప్పు వేసింది.

"నాకు తెలుసమ్మీ. ఆ రేత్తిరే సెప్పినాడు నాకు. సెల్లి తనే సెప్తాది ఎప్పుడో, అందాకా నువ్వు నోరిప్పకు అన్నాడు."

ఆరేళ్లు. పని తగ్గి ఇల్లు గడవడం కష్టమైన ఆరేళ్లూ ఈమెకి తెలుసు. నేను పంపిన చోడిపిండితో అంబలి కాచుకుని తాగుతూ కూడా తెలుసు. నేను ఆకు మీదికి వంగి, ఎవరేమనుకున్నా సరే, గట్టిగా ఏడ్చాను.

మా ఆయన ఆకులో ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దాటి ఎండలోకి వెళ్లాడు. కూర్చున్నచోటు నుంచి నాకు బయట ఇసక, వరసగా ఆగిన జీపులు కనబడుతున్నాయి. మా ఆయన మొదటి జీపు దగ్గర ఆగి, దాని ఏరియల్ పాదం మీద చెయ్యి వేసి, డ్రైవరు వైపు వంగి ఏదో చెప్పాడు. ఆ డ్రైవరు బండి దిగి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. మా ఆయన అప్పటికే రెండో జీపు దగ్గరికి నడుస్తున్నాడు.