రెండో రిమోట్ లేని పెట్టె

రెండువేల రెండో సంవత్సరం, మిరప కోతలు ముగిసి కల్లాలు ఖాళీ అవుతున్న రోజుల్లో, గుంటూరు సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్న నాకు ఒంగోలు బాధ్యత కూడా అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. హోదా పేరు ఏరియా సర్వీస్ ఎగ్జిక్యూటివ్. అంటే టెక్నీషియన్‌కు పైన, ఏరియా మేనేజరుకు కింద. రెండు వైపుల తిట్లూ వచ్చి చేరే చోటు. మాది నల్లపాడు. తొమ్మిదో తరగతిలో బడి నన్నూ, నేను బడినీ ఏకాభిప్రాయంతో వదులుకున్నాం. టీవీలు విప్పడం నేర్చుకుని, ఆ దారినే వీడియో గేముల కంపెనీలో చేరాను.

కంపెనీ పేరు రాయను. టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్లలో అప్పటికి ప్రపంచంలో ముందున్నది మాదే. అయితే ముందు పరిగెత్తేవాడికే వెనకవాళ్ల కాళ్ల చప్పుడు బాగా వినిపిస్తుంది. పెద్ద నగరాల్లో పెద్ద కంపెనీలు మమ్మల్ని తరుముతుంటే, మా ఏరియాలో తరిమింది ఒక చవక పెట్టె. బొమ్మ మసక, గేములు పాతవి. పక్కపక్కన పెడితే మాది పట్టుపంచె, అది గళ్ల లుంగీ. జనం లుంగీయే కొనుక్కుపోతున్నారు.

మా వృత్తిలో రెండు మాటలుండేవి. సరుకు కంపెనీ నుంచి డీలరు కొట్టుకు చేరితే సెల్ ఇన్. కొట్టు నుంచి కొన్నవాడి ఇంటికి చేరితే సెల్ అవుట్. మొదటిది పెళ్లి, రెండోది కాపురం. మాకు పెళ్లిళ్లు మాత్రం ఘనంగా జరిగాయి.

ఒంగోలు ట్రంకు రోడ్డులో మస్తాన్‌వలీ గారి టీవీల కొట్టు మా ఏరియాకంతటికీ పెద్ద డీలరు. గుమ్మంలోనే అద్దాల అల్మరా ఉండేది. అందులో ఉన్నదే అమ్ముడయ్యేది. నేను బాధ్యత తీసుకున్న వారమే ఆయన పిలిపించారు.

“ఏమయ్యా నల్లపాడు, నీ పెట్టెలు నా అల్మరాలో అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నాయి. ఆదివారం దాకా చూస్తా. కదలకపోతే మిక్సీల వెనక్కి పంపిస్తా” అన్నారు.

మిక్సీల వెనక్కి వెళ్లిన సరుకు మళ్లీ వెలుగు చూడదు. ఆ కొట్టు చేజారితే గుంటూరు సెంటర్ మూసేయక తప్పదని ఏరియా మేనేజరు ప్రసాద్ గారు ముందే చెప్పి ఉన్నారు. మూస్తే నాకు మద్రాసు గోడౌన్లో పెట్టెలు మోసే పని. అదీ ఖాళీ ఉంటేనే. సెంటర్ మూతపడనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం డెమో పెట్టాను. డెమోకు కంపెనీ ఒక వరుస రాసి ఇచ్చేది: ముందు మెరిసే నీళ్లు, తర్వాత మంటలు, చివర కారు రేసు. వోల్టేజీ సరిచూసి, కొట్లోకెల్లా పెద్ద టీవీకి మిషన్ తగిలించి, ఆట నడిపే రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. పర్చూరు వైపు నుంచి కోటేశ్వరరావు గారనే మిరప రైతు, ఆయన బావమరిది శీను కలర్ టీవీ కొనడానికి వచ్చి, నా ముందు ఆగారు. నీళ్లు చూపించాను. నీళ్ల మీద ఎండ ఎలా పడుతోందో వివరించాను.

“బాగుందండీ. రెండో రిమోట్ ఏదీ?” అన్నారు కోటేశ్వరరావు గారు.

“పెట్టెలో ఒకటే వస్తుందండీ.”

“నేను ఆడుతుంటే మావాడేం చెయ్యాలి? పక్కన కూర్చుని విసనకర్రతో విసరాలా?”

మిషన్‌తోనే పోటీపడి ఆడొచ్చని చెప్పాను.

“మిషన్ని ఓడిస్తే అది ఏడుస్తుందా?” అన్నారాయన. ఎదుటి బల్ల మీదున్న చవక పెట్టెను చూపించి, “దానికి రెండున్నాయి” అని అటు నడిచారు.

ఆ మాట మా కంపెనీలో ఎవరూ అనగా వినలేదు. నాకూ తట్టలేదు. మా లెక్క ప్రకారం రెండో రిమోట్ విడిగా కొనుక్కోవలసిన వస్తువు. చిన్న ఊళ్ల కొట్లకు ఆర్డరు మీద మద్రాసు నుంచి రావాలి. నా సంచీలో మాత్రం ఒక స్టాండ్‌బై ఉంది. ఎవరి రిమోటైనా రిపేరుకు వస్తే, అది బాగయ్యేదాకా వాడుకోమని ఇచ్చేది. రిపేరు వివరాలు రాసిన జాబ్ కార్డు లేకుండా బయటికి తీయకూడదని రూలు. తీశాను. నీళ్లూ మంటలూ దాటేసి కారు రేసు పెట్టి, బావాబావమరుదుల చేతుల్లో చెరొకటీ పెట్టాను.

“ఒరేయ్, నీకు ట్రాక్టర్ నేర్పింది నేనురా!”

“నువ్వే నేర్పావు బావా. అందుకేగా రెండుసార్లు కాలవలో పడ్డా!”

టీవీలు బేరమాడుతున్నవాళ్లు బేరాలు ఆపి వచ్చారు. ఎదురు కొట్టు టైలరు మెడలో టేపుతోనే వచ్చాడు. కోటేశ్వరరావు గారు వరసగా ఓడి, “ఈ పెట్టె కట్టండి. ఊళ్లో చూసుకుంటా వీడి సంగతి. రెండో రిమోట్ అందులోనే ఉండాలి” అన్నారు.

ఉన్న ఒక్కటీ ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ మాట చెప్తే, బుధవారం వస్తానని, అప్పటికి రిమోట్ లేకపోతే లుంగీ పెట్టే పట్టుకుపోతానని వెళ్లిపోయారు. మస్తాన్‌వలీ గారు అంతా చూశారు. “జనం రావడం చూశాను గాబట్టి బుధవారం దాకా ఆగుతా” అన్నారు.

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. పెట్టెకు ఒకటే అన్నది కంపెనీ పాలసీ అనీ, స్టాండ్‌బై ఎందుకు తీశావనీ, రేపు తానే వస్తాననీ అన్నారు.

వచ్చారు. నేను వాదించలేదు. “సార్, మస్తాన్ గారితో ఒక్క ఆట ఆడండి. తర్వాత మెమో ఇద్దురుగాని” అన్నాను. ప్రసాద్ గారు మీటింగులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. తన కొట్లో సరుకుతో ఏనాడూ ఆడని మస్తాన్‌వలీ గారు పక్క స్టూలు లాక్కున్నారు.

“మేనేజరు గారూ, మీ కారు కొత్తపట్నం సముద్రంలోకి పోతోందండీ. రేసు ఇటు!”

ప్రసాద్ గారు ఓడారు. టై వదులు చేసుకుని, “ఇంకో ఆట” అన్నారు.

“సార్, జాబ్ కార్డు లేదు. ఆ రిమోట్ సంచీలో పెట్టెయ్యాలి” అన్నాను.

“నువ్వు కూర్చోవయ్యా” అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ మధ్యాహ్నమే ఆయన ఆమోదం రాసిచ్చారు. గుంటూరు సెంటర్‌లోని స్టాండ్‌బైలు డీలర్ల కొట్లకు మార్చాలి, మా ఏరియా వరకు ప్రయోగంగా పెట్టెకు రెండు రిమోట్లివ్వాలి. బుధవారం కోటేశ్వరరావు గారు వచ్చి తన పెట్టె తీసుకెళ్లారు. మస్తాన్‌వలీ గారు అల్మరా ఖాళీ చేయించలేదు. నేను రిటైరయ్యేదాకా గుంటూరు సెంటర్ తెరిచే ఉంది. జాబ్ కార్డు లేకుండా స్టాండ్‌బై తీసినందుకు నాకు మెమో కూడా వచ్చింది. కింద సంతకం ప్రసాద్ గారిదే.

మిషన్ ఎంత గొప్పదో చెప్పడమే మా పని అనుకునేవాళ్లం. మా వైపు గేము కొనేది ఎదుటివాణ్ణి ఓడించి, నాలుగు మాటలనడానికి. ఆ తర్వాత ఏ కొత్త సరుకు వచ్చినా కంపెనీ ఇచ్చిన డెమో వరుస పక్కన పెట్టి, ముందు ఇద్దరిని కూర్చోబెట్టేవాణ్ణి. వాళ్లు తిట్టుకుంటే ఆ సరుకు అమ్ముడవుతుంది. మర్యాదగా ఆడితే మిక్సీల వెనక్కి వెళ్తుంది.