దరిద్రుడు ముట్టుకోకముందు

గడియారాలు బాగుచేసే ఆయనకి నమ్మకం అనేది పుట్టుకతోనే లేదు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగోసారి మనల్ని లాగమంటాడు. అలాంటి మనిషింట్లో కంప్యూటర్ పెట్టి, పక్కనే బావమరిదిని కూడా పెడితే ఇంకేముంది, యుద్ధమే.

కంప్యూటర్ భార్యది. ఆవిడ ఎంబ్రాయిడరీ మెషిన్ దాంతోనే నడుస్తుంది. అందులో రీస్టోర్ పాయింట్ అని ఒకటుందని ఈయన ఎలాగో కనిపెట్టాడు. కంప్యూటర్ బాగున్నప్పుడు గుర్తు పెట్టుకుంటే, చెడ్డాక ఆ గుర్తు దగ్గరికి వెనక్కి పోవచ్చు. గుర్తుకి పేరు కూడా పెట్టొచ్చు. ఇక చూస్కోండి, తిట్టడానికి ఒక నోరు చాలని మనిషికి రెండో నోరు దొరికింది.

బావమరిది వచ్చి పదిరోజులైంది. సోఫా వాడిదైపోయింది. వాడు కంప్యూటర్ ముందు కూర్చోబోతే చాలు, "లే, లే" అని లేపి ఈయన పాయింట్ పెట్టేవాడు. "దరిద్రుడు ముట్టుకోకముందు." "జిడ్డు చేతులతో వచ్చాడు." "మళ్ళీ వచ్చాడు." "సిగ్గులేదు."

శనివారం పొద్దున మెషిన్ కదల్లేదు. సాయంత్రానికి స్కూలుకి అరవై బ్యాడ్జీలివ్వాలి. ఇంకా ఇరవై కుట్టాలి.

"ఏం చేశావురా?"

"గురువారం ఒక గేమ్ ఎక్కించా బావా. అంతే."

రెండ్రోజులూ గుడ్డ కత్తిరింపుల్లో ఉండి ఆవిడ మెషిన్ ముట్టుకోలేదు.

"భయపడకు, నా పాయింట్లున్నాయిగా!" ఈయన ఛాతీ విరుచుకుని లిస్టు తెరిచాడు. ముగ్గురూ తెర మీదకి వంగారు.

"జిడ్డు చేతులంటే నేనా బావా?"

"కాదు, మీ నాన్న."

"ఆయన నాకూ నాన్నేనండీ," అంది భార్య.

పద్నాలుగు పాయింట్లు. అన్నీ గురువారం తర్వాతవే. వాటికిచ్చిన చోటు కొంచెమే, కొత్తవి పెడుతుంటే పాతవి చెరిగిపోతాయి. ఆ ముక్క ఈయన నేర్చుకోలేదు. తిట్లన్నీ కలిసి మంచి పాయింట్‌ని బయటికి తోసేశాయి.

"పాతది ఉందా, లేదా?" అంది భార్య.

ఈగ కాలంత ముల్లుని పట్టే చేతులతో లిస్టుని మూడుసార్లు కిందదాకా లాగి చూశాడు. "లేదు."

ఆవిడ అరవలేదు. దారపుండల డబ్బా అడుగు నుంచి హార్డ్ డిస్క్ తీసింది. మీద మార్కర్‌తో రాసుంది: "వీళ్ళిద్దరూ కొట్టుకోకముందు."

"వాడు సూట్‌కేసు దించిన రోజే కంప్యూటర్ మొత్తం ఇందులోకి దించుకున్నా."

"డిజైన్లు?"

"పెన్‌డ్రైవ్‌లో వేరేగా ఉన్నాయి."

"నా గేమ్, అక్కా?"

"పోతుంది."

"నా పాయింట్లు?"

"అవీ పోతాయి. లేవండి ముందు."

గంట తర్వాత మెషిన్ టకటకలాడింది. బ్యాడ్జీలు వేళకి వెళ్ళాయి. వాటిని ఇవ్వడానికి వెళ్ళేముందు ఆవిడ పాస్‌వర్డ్ మార్చేసింది.

సోఫా మీద ఇద్దరు మగవాళ్ళు మిగిలారు.

"కాస్త జరగరా."

"నువ్వే జరుగు బావా."

ఈయన జేబులోంచి రిపేరు చీటీ తీశాడు. పెన్సిల్ తడిచేసి రాసుకున్నాడు: "జరగనన్నాడు."