తిరుగు బండిలో నాచు

మా బావంటే నాకు పడదు. ఈ మాట దాచుకుని రాయడం నా వల్ల కాదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. అప్ప మొగుడు కాబట్టి ఎదురుపడితే నవ్వుతాను, అంతే. లోకంలో అన్నీ తనకే తెలుసనుకునే మనిషి. కొబ్బరికాయ కొట్టడం దగ్గర్నుంచి క్రేను తిప్పడం దాకా నాకు నేర్పబోతాడు. పోర్టులో పదహారేళ్లుగా క్రేను మీద కూర్చుంటున్నది మాత్రం నేను.

అప్ప రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయేవి. అన్నం కలుపుకుంటే కారానికి భగ్గున మండేవి. దువ్వాడ అవతల ఒక చెరువు కౌలుకు దొరికాక ఆ పని మానేసింది. "ఇంక ఐసు ముట్టుకోన్రా తమ్ముడా," అంది. చెరువు నిలబడితేనే ఆ మాట నిలబడుతుంది. లేకపోతే మళ్లీ షెడ్డే. అది మా ముగ్గురికీ తెలుసు.

గడ్డి చేపలు, శీలావతులు వేశారు. మేతలో తవుడూ చెక్కా కొంత తగ్గించి, నీళ్ల మీద పెరిగే అజొల్లా నాచు వేయమని చెప్పింది నేనే. టార్పాలిన్ పరిచిన గుంటల్లో మట్టి వేసి, పేడ నీళ్లు పోసి పెంచాం. అప్ప పొద్దున్నే జల్లెడతో తీసి, పేడ వాసన పోయేదాకా మంచినీళ్లలో కడిగి చెరువులో చల్లేది. బావ గట్టు మీద నిలబడి "ఇంత పిసరు నాచుకి ఇంత బాగోతవేటి బామ్మర్దీ?" అని వెక్కిరించేవాడు.

చేపలు పెరిగాయి, ఆకలీ పెరిగింది. సరిగ్గా అప్పుడే ఎండలకి గుంటల్లో అజొల్లా మాడిపోయింది. అక్కడ రంగంలోకి దిగాడు మా మేధావి.

ఆయనది లోడు ఆటో. ఊరివైపు నుంచి అరటి గెలలు తెచ్చి వన్ టౌన్ కొట్లలో దింపుతాడు. తిరుగు బండి ఖాళీగా రాకూడదన్నది ఆయన వేదం. అట్టపెట్టెలు, విరిగిన తలుపులు, ఏదీ దొరక్కపోతే ఇటుక ముక్కలైనా వేసుకొస్తాడు. వాళ్ల పెరడు నిండా ఆ చెత్తే.

ఒకరోజు డ్యూటీ దిగి బస్సులో వస్తుంటే గెడ్డ పక్కన ఆయన ఆటో కనిపించింది. ఊరి మురుగు, బళ్లు కడిగిన నీళ్లు అన్నీ ఆ గెడ్డలోకే పోతాయి. నీళ్ల మీద నూనె రంగురంగులుగా తేలుతోంది. మా బావ ప్యాంటు మడిచి, దోమతెర గుడ్డతో పచ్చటి నాచు తోడి బస్తాల్లో కుక్కుతున్నాడు. దూరానికి అచ్చం అజొల్లాలాగే ఉంది.

బస్సు దిగొచ్చు. కనీసం ఫోన్ చేయొచ్చు. నేను సీట్లో జారగిలబడి 'చేసుకున్నవాడికి చేసుకున్నంత మహాదేవా, కుదురుతుంది నీ తిక్క' అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగా అనిపించింది. తర్వాత రెండు ఆదివారాలు అప్ప ఇంట్లో భోజనం చేశాను. "మీ బావ ఎక్కడో మంచి నాచు సంపాదించేడ్రా, సేపలు ఎగబడి తింతన్నాయి," అని మురిసిపోయింది. కూర బాగుందన్నాను. నాచు ఊసెత్తలేదు.

మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. తొలి వలలో పడ్డ పెద్ద చేపను అమ్మరు. వండి, తల ముక్క ఇల్లాలి పుట్టింటివాడికి వడ్డిస్తారు. వల లాగిన రోజు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. అప్పటికే వ్యాపారి ఒక చేపను కోసి, వాసన చూసి, ఒక్కటీ కొనకుండానే వ్యాను ఎక్కి వెళ్లిపోయాడట. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. ఇల్లంతా డీజిల్ కంపు.

బావ గోడకి ఆనుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. నోరు ఊరుకోలేదు.

"గెడ్డలోది తెచ్చి ఏస్తే ఇంకేటవుద్ది? ఆ నూనె నాను బస్సులోంచి సూసేను," అన్నాను.

అప్ప చేతిలో గరిటె ఆగింది. "ఎప్పుడు సూసేవు?"

నోరు జారానని అప్పుడు తెలిసింది. "నెల అవుతంది," అన్నాను.

బావ తలెత్తలేదు. "నాకు తెలీదే. పచ్చగుంది గదా, బండి ఖాళీగా వస్తంది గదా అని తెచ్చేను," అన్నాడు. ఆ మనిషి నోట 'నాకు తెలీదు' అన్న మాట వినడం అదే మొదటిసారి.

అప్ప నావైపు తిరిగింది. నా ముందు కంచం పెట్టి అన్నం వడ్డించింది. పులుసులోంచి తల ముక్క ఏరి వేసింది.

"మీ బావ తెలీక ఏసేడు. నువ్వు తెలిసీ ఊరుకున్నావు. తిను, తొలి వల తల నీదే."

ఎదురుగా కూర్చుని, నేను ఆఖరి ముద్ద మింగేదాకా లేవలేదు.

బావంటే నాకు ఇప్పటికీ పడదు. రోజూ పొద్దున్నే అప్పని మళ్లీ ఆ రొయ్యల షెడ్డు దగ్గర దింపేది ఆయనే. కిందటి ఆదివారం వెళ్తే అప్ప నాకు అన్నం పెట్టింది. తమ్ముడా అని మాత్రం పిలవలేదు. తన అన్నంలో పులుసు పోసుకుని, వేళ్లు తగలనీయకుండా చెంచాతో తింది.