మడ అడవిలో అక్కతో ఒక సోమవారం

మడ అడవి చూడాలనుకునేవారు కార్తీకంలో ఆదివారం మాత్రం వెళ్లకండి. వనభోజనాలకొచ్చే జనంతో కాలు పెట్టే చోటుండదు. మాకు జనం లేని రోజే కావాలి. పన్నెండేళ్ల కిందటి తుఫానులో మా బావగారు తన రొయ్యల చెరువు దగ్గర కాపలాకి వెళ్లి మరి తిరిగి రాలేదు. శవం దొరకనివారికి పన్నెండేళ్లు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. ఆ కార్యం బుధవారానికి పెట్టారు. ఆ తరవాత అక్క బొట్టు తీసేయాలి.

"ఈలోగా ఆ చోటు ఒక్కసారి చూడాలిరా. నలుగురూ నా మొహంలోకి చూడకుండా," అంది అక్క.

చెరువు పూడిపోయి మడచెట్లు మొలిచాక అటవీశాఖవారు కంచె వేశారు. పర్మిషన్ లేనిదే అడుగు పెట్టనివ్వరు. అమలాపురంలో ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను.

"సోమవారం వెళ్లండి. జనమంతా శివాలయాల్లో ఉంటారు. అడివంతా మీదేనండి, ఆయ్," అన్నారు గుమాస్తాగారు.

సోమవారం ఆరింటి బస్సుకి కాట్రేనికోన వెళ్లాం. అక్కడినుంచి ఆటో, తరవాత నడక. వీపున సంచుల్లో అటుకులు, గొడుగులు, మంచినీళ్లు. నీళ్లు తప్పక తీసుకెళ్లండి, లోపల అంతా ఉప్పే. ముసురు పట్టింది. గేటు దగ్గర గార్డు కాగితం చూసి సంచులు విప్పించాడు. అక్క సంచిలో అరటి దొప్ప, వత్తి, అగ్గిపెట్టె ఉన్నాయి.

"లోపల నిప్పు వెలిగించకూడదండి, ఏమీ అనుకోకండి," అంటూ అగ్గిపెట్టె తీసేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్క నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

మోకాళ్లదాకా బురదలో దిగబడుతూ మధ్యాహ్నం దాకా నడిచాం. చెరువు గట్టు ఆనవాలే లేదు. ఎటు చూసినా ఒకేలాంటి వేళ్లు, నల్లటి నీళ్లు.

"ఇక్కడేనా?" అంది అక్క.

నాకు తెలియదు. ఇక్కడే అన్నాను. వెలిగించని వత్తినే దొప్పలో పెట్టి నీళ్లలో వదిలింది. అది కొంచెం దూరం పోయి వేళ్లకి తట్టుకుని ఆగిపోయింది. అక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది.

తిరుగు బస్సు నిండా శివాలయాలనుంచి వస్తున్న ఆడవాళ్లే. ఒకావిడ కుంకుమ పొట్లం విప్పి వరసగా అందరికీ బొట్టు పెడుతూ మా సీటు దగ్గరికి వచ్చింది.

"పెట్టించుకోండి అక్కగారూ, స్వామివారి కుంకుమండి."

అక్క తల వంచింది. ఆవిడ చిన్న చుక్క పెట్టి ముందుకు కదలబోయింది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇంకాస్త పెద్దగా పెట్టండి," అంది, బస్సంతా చూస్తుండగా.